ఈవేళ ఇన్‌స్పెక్షన్ లేదప్పా

మంగళవారం మధ్యాహ్నం, రాయగడ నుంచి కోరాపుట్ వెళ్ళే ఘాట్ రోడ్డు మీద, అంబులెన్సులో అప్ప చనిపోయింది. గుండె జబ్బు. ఆ ఉదయం ఆమె ఒక ప్రైవేటు వైద్య కళాశాల ఆసుపత్రి గేటు దగ్గర కూర్చుని ఉంది. ఆ ఆసుపత్రి బోర్డు మీద గుండె డాక్టర్ పేరు ఉంది. డాక్టర్ లేడు.

అప్ప అంటే మా వైపు అక్క. మా ఎదురింట్లో ఉండేది, వీధంతటికీ అప్పే. మునిసిపాలిటీలో రోడ్లు ఊడ్చి రిటైరైంది కానీ చీపురు వదల్లేదు. నేను తలుపు తీసేసరికి మా గుమ్మం కూడా ఊడ్చి ఉండేది. నేను పత్రికా విలేకరిని. ఎందుకప్పా అంటే, "నీ పేపర్లో సెత్త నువ్వు ఊడ్సుకో బాబూ, వీధి నాకొదిలెయ్" అనేది.

ఆ కళాశాల వచ్చాక ఆమెకు ఇంకో పని దొరికింది. మా వీధి ఆడవాళ్ళు దాన్ని 'మంచం కూలి' అంటారు. సీట్లకు అనుమతి ఇచ్చేవాళ్ళు తనిఖీకి వచ్చినప్పుడు మంచాల మీద రోగులు కనిపించాలి. లేకపోతే సీట్లు పోతాయి. అందుకని తనిఖీ రోజు పొద్దున ఆటో వచ్చి మనుషుల్ని ఎక్కించుకుంటుంది, సాయంత్రం కూలి ఇచ్చి దింపుతుంది. డాక్టర్లు కూడా విశాఖ నుంచి రైల్లో వచ్చి పోతారు. వాళ్ళ హాజరుకు ఇప్పుడు ముఖం చూపించే యాప్ పెట్టారు. రోగులకు ఆ బాధ లేదు. తనిఖీ ఆకస్మికమంటారు, తేదీ మాత్రం ఆటోవాడికి ముందే తెలుస్తుంది.

అప్ప తలకు నూనె రాసుకుని, ఉతికిన చీర కట్టుకుని బయల్దేరేది.

"రోగిలాగ రా అప్పా! పెల్లికెల్తన్నట్టు తయారైపోతే ఎలాగ?" అనేవాడు ఆటోవాడు.

"పడుకునేది నేను, పరువు నాది. ఇంతకీ ఈవేళ నాకేటి జబ్బురా?"

"పోయినసారి సుగరు. ఈసారి కామెర్లు."

"కామెర్లకి పత్తెం కదరా, కూలి పెంచమను!"

ఆమె ముందు గదిలో అద్దెకుంటున్న అమ్మాయి ఆ కళాశాలలోనే చదువుతోంది. గుడారి అనే ఊళ్ళో కిరాణా వ్యాపారి కూతురు. ప్రభుత్వ సీటు రాకపోతే తండ్రి పొలం అమ్మి చేర్పించాడు. వార్డులో నిజమైన రోగులు అరుదు. అందుకే ఆమె స్టెతస్కోపు పెట్టడం నేర్చుకున్నది అరుగు మీద, అప్ప గుండె మీద. "కదలకుండా ఉండడం నాకలవాటే అమ్మీ, నేర్సుకో" అనేది అప్ప. ఆమధ్య ఆ చప్పుడులో ఏదో తేడా వినిపించి, డాక్టరుకు చూపించుకోమని అమ్మాయి పోరింది. "మంచాలు కాళీయే కదా, ఎప్పుడైనా ఎల్లొచ్చు" అని అప్ప నవ్వేసింది.

మంగళవారం ఊపిరి అందక తనే వెళ్ళింది. గేటు కాపలాదారు ఆమెను గుర్తుపట్టాడు. ముప్పు అక్కడే వచ్చింది.

"ఆజి నాహీ అప్పా! ఈవేళ ఇన్‌స్పెక్షన్ లేదు. కబురెడతాం, ఎల్లు."

నిజంగానే బాగోలేదని ఆమె చెప్పింది. బాగా నటిస్తున్నావని అతను నవ్వాడు. ఈ సంగతి అతనే ఏడుస్తూ నాతో చెప్పాడు. అతని మీద నాకు కోపం లేదు. రోగికీ కూలికీ తేడా తెలియకుండా చేసినవాళ్ళ మీద ఉంది. మంచాలు లెక్కపెట్టి, వాటి మీద పడుకున్నవాళ్ళ నాడి పట్టుకోకుండా వెళ్ళిపోయేవాళ్ళ మీద ఉంది. ఎవరో చెబితే అమ్మాయి క్లాసులోంచి పరుగెత్తుకొచ్చేదాకా అప్ప గేటు బయటే కూర్చుంది. లోపలికి తీసుకెళ్తే, గుండె డాక్టర్ విశాఖలో ఉన్నారని, కోరాపుట్ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమని చెప్పారు.

నిన్న ఆటోవాడు తల దించుకుని వచ్చాడు. శుక్రవారం తనిఖీ అట. అప్ప బదులు మనిషి కావాలట. తనిఖీ వాళ్ళకు ఒక రోగి కేసు వివరించడానికి కళాశాల ఎంపిక చేసింది ఈ అమ్మాయినే.

"ఆ మంచం మీద ఎవుల్ని పడుకోబెట్టినా నేను అప్ప కేసే సెప్తాను" అంది నాతో.

"సీటు పోతుందేమో. మీ నాన్నతో మాట్లాడావా?"

"మాటాడేను. నాన్న ఏడిసేడు, వద్దనలేదు. మీరు ముందే రాసీండి. రాసేక నన్ను తప్పిస్తే ఎందుకు తప్పించేరో అందరికీ తెలుస్తాది."

అందుకే రాశాను. శుక్రవారం ఉదయం పదింటికి తనిఖీ బృందం వార్డులోకి వస్తుంది. అప్ప పడుకునే మూడో మంచం పక్కన, తెల్ల కోటులో, ఆ అమ్మాయి నిలబడి ఉంటుంది.