తొమ్మిది రోజుల పథ్యం

నేను ఒకసారి పోలీసులకు భయపడి పారిపోయాను. పారిపోవడం అంటే ఏ బొంబాయికో రైలెక్కానని అనుకునేరు. అమీర్‌పేటలో పరుగు మొదలుపెట్టి, పంజాగుట్ట చౌరస్తా ఇంకా కనబడకముందే ఆయాసం వచ్చి ఆగిపోయాను. నా తప్పేమీ లేదు. తప్పు చేసినవాడైతే ముందే ఏర్పాట్లు చేసుకుని ఇంకాస్త దూరం వెళ్లేవాడు.

అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు. తెనాలి వైపు నుంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కోసం వచ్చి, అది దొరక్క, ఉద్యోగం ఎలా సంపాదించాలో పిల్లలకు చెప్పే పనిలో చేరాను. అమీర్‌పేటలో ఒక మేడ మీద, మూడో అంతస్తులో, జావా పాఠం. ఒకరోజు మధ్యాహ్నం క్లాసు మధ్యలో తోటి మాస్టారు ఫోన్ చేశాడు. మా ఓనరు పరారయ్యాడట. నా సంతకంతో దొంగ అనుభవ పత్రాలు తయారుచేసి అమ్మాడట. పోలీసులు నా కోసం బయలుదేరారట.

నేను ఏ పత్రం మీదా సంతకం పెట్టలేదు. ఆ ముక్క అక్కడే నిలబడి చెబితే సరిపోయేది. కానీ కిటికీలోంచి చూస్తే మెట్రో స్తంభం పక్కన జీపు ఆగి ఉంది. ఒక్కసారి కేసులో పేరెక్కితే ఏ కంపెనీ గుమ్మం తొక్కనివ్వదు, ఊళ్లో నాన్న తలెత్తుకోలేడు అన్న భయంతో కాళ్లు వాటంతట అవే వెనక మెట్లు దిగేశాయి. ఫోన్ ఆపేసి సందులు పట్టుకున్నాను. ఒక సందు గోడ దగ్గర ముగిసింది. గోడెక్కి దూకాను.

గోడ అవతల పొలం ఉంది. అబద్ధం కాదు. చుట్టూ హాస్టళ్లు, వాటి బాల్కనీల్లో ఆరేసిన తువ్వాళ్లు, నడుమ మూడు వందల గజాల ఖాళీ స్థలంలో పాలకూర, తోటకూర, మెంతి మడులు. ఒక మూల రేకుల గది. నేను సరాసరి గోంగూర మడిలో బోర్లా పడ్డాను. రాయేదో పొట్టకు తగిలి ఊపిరాడలేదు. కడుపు పట్టుకుని లేచేసరికి చేతిలో కొడవలితో ఒక పెద్దావిడ.

"ఎవలు బిడ్డ నువ్వు? గిట్ల దుంకినవేంది? పుంటికూరంత ఆగమాయె!"

మా గోంగూర వాళ్లకు పుంటికూర. ఆ కాస్త తేడా పెద్ద విషయం కాదు. అసలు తేడా ఆ తర్వాత నేనన్న మాట దగ్గర వచ్చింది.

"నామీద కేసు ఉందండీ. పారిపోయి వచ్చాను. దయచేసి ఎవరికీ చెప్పకండి."

ఆమె నా మొహం చూసింది. పట్టుకున్న కడుపు చూసింది. కొడవలి కింద పెట్టింది.

"గా చౌరస్తకాడి నుంచేనా?"

"అవునండీ."

పంజాగుట్ట చౌరస్తా దగ్గర పోలీస్ స్టేషనూ ఉంది, పెద్దాసుపత్రీ ఉంది. నేను మొదటిది అనుకున్నాను. ఆమె రెండోది అనుకుంది. కేసు అనే మాట ఆమె విన్నది ఆసుపత్రి వరండాలోనే. 'కడుపు కేసు ఎవలు?' అంటూ అక్కడివాళ్లు పిలిచింది ఆమె కొడుకునే. మెదక్ వైపు పల్లెలో రెండెకరాల రైతు అతను. ఆపరేషన్ అనగానే భయపడి, పక్కన ఎవరూ లేని సమయం చూసి బస్సెక్కి ఇంటికి వెళ్లిపోయాడు. నొప్పి తగ్గిందని నాలుగు రోజులు అందరినీ నమ్మించాడు. అయిదో రోజు పోయాడు. తర్వాత బోరు ఎండింది. ఆమె, భర్త ముసలాయన, కోడలు ఈ స్థలానికి కాపలాగా వచ్చి, చేతులు ఊరుకోక ఇక్కడ కూడా మడులు కట్టారు. ఆ ఇంట్లో దవాఖాన అనే మాట ఎవరూ పలకరు. 'ఆడ' అంటారు, అంతే. నేను కూడా పోలీసు అన్న మాట నోటితో అనడానికే భయపడేవాణ్ణి. ఆ విధంగా నేనూ వాళ్లూ తొమ్మిది రోజులు ఒకే చూరు కింద కూర్చుని, రెండు వేరు వేరు సంగతులు ఎంతో హాయిగా మాట్లాడుకున్నాం. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

మొదటి పూటే పసుపు వేసిన జొన్న గట్క, అంటే జొన్నరవ్వ జావ, పల్చటి మజ్జిగ పెట్టారు. ఉప్పు ఉందో లేదో చెప్పడం కష్టం. పేదవాళ్లు, ఉన్నదే పెట్టారు అనుకుని కళ్లు మూసుకుని తాగాను. తీరా చూస్తే వాళ్లు ముగ్గురూ ఎర్రగా పండుమిరపకాయలు నూరిన గోంగూర పచ్చడి కలుపుకుని లొట్టలేస్తున్నారు. గుంటూరు జిల్లావాణ్ణి, నా ఎదురుగా గోంగూర! సిగ్గు విడిచి చెయ్యి చాపాను. పెద్దమ్మ గిన్నె వెనక్కి లాగింది.

"నీకు వద్దు బిడ్డ. నీకు గట్కనే మంచిది. లోపట సుత గిదే పెడ్తరు, అలవాటు చేస్కో."

జైలు కూడు ముందే అలవాటు చేయిస్తోంది, ఎంత దూరదృష్టి అనుకున్నాను.

బిందె ఎత్తబోతే కోడలు పరుగెత్తుకొచ్చేది. "అన్నా, బరువు లేపకు!" చదువుకున్నవాణ్ణని గౌరవం కాబోలనుకుని లోలోపల పొంగిపోయేవాణ్ణి. కూరకట్టలు కట్టడానికి మాత్రం ఒప్పుకున్నారు. నేను కట్టిన కట్ట సందు మొదట్లో అమ్మే బండ దాకా వెళ్లేలోపే విడిపోయేది. ముసలాయన దాన్ని మళ్లీ కడుతూ, నా చదువు మీద ఉన్న నమ్మకం రోజుకింత పోగొట్టుకునేవాడు.

సోమాజిగూడ వైపు వెళ్లే అంబులెన్సుల కూత రోజుకి పాతికసార్లు వినపడేది. అది పోలీసు బండే అనుకుని ప్రతిసారీ నేను రేకుల గదిలో దూరేవాణ్ణి. పెద్దమ్మ వెనకే వచ్చి వీపు నిమిరేది. "నీ కోసం గాదు, ఊకో. ఫికర్ చెయ్యకు." ఆవిడకు ఆ బండ్ల సంగతి ఎలా తెలుసని నాకు ఒక్కనాడూ అనుమానం రాలేదు.

ఇక సాయంత్రాలు నాకు హితబోధ. నేను తిరిగి ఆడికి వెళ్లాల్సిందేనని ముసలాయన పట్టు.

"ఒప్పుకో బిడ్డ. ఒప్పుకొని సంతకం పెట్టు. సంతకం లేకుంటె ఆళ్లు సుత చెయ్యి పెట్టరు."

"నేనేం చేయలేదండీ! ఎందుకు ఒప్పుకోవాలి?"

"నువ్వు చేసినవని ఎవలన్నరు? గిది ఎవలకైన వస్తది."

పల్లెటూరి మనిషికి ఎంత వేదాంతం అని ముచ్చటేసింది. అంతలో పెద్దమ్మ అందుకునేది. "ఒక్క గంట పని. నాలుగు రోజులు లేవనియ్యరు, గంతే. గా పెద్దసారు చెయ్యి మస్తు మంచిదట." నాలుగు రోజులు లేవనివ్వని ఆ చెయ్యి ఎంత మంచిదో ఊహించుకుంటూ నేను గట్క మింగలేకపోయేవాణ్ణి.

నిజం చెప్పాలంటే ఆ రోజులు నాకు బాగున్నాయి. కృష్ణానగర్‌లో నలుగురం ఉండే గదిలో ఎవరూ నన్ను తిన్నావా అని అడిగింది లేదు. ఇక్కడ ముగ్గురు మనుషులు పొద్దున లేస్తూనే ముందు నా మొహం చూసేవాళ్లు. రంగు వచ్చిందా, నిద్ర పట్టిందా, కడుపు ఎట్లుంది. నాకు కడుపు నొప్పి ఏనాడో తగ్గిపోయింది. అయినా వాళ్లంత శ్రద్ధగా అడుగుతుంటే బాగుందని చెప్పడానికి మనసొప్పక 'కొంచెం' అనేవాణ్ణి. నా మీద నాకు కోపం వచ్చే సంగతి అదొక్కటే.

ఎనిమిదో రోజున స్థలం యజమాని తాలూకు మనిషి వచ్చాడు. కోర్టులో నలుగుతున్న జాగా అది. నేను మెంతికూర గోతాం చాటున కూర్చున్నాను. అతను వెళ్లాక కోడలు మెల్లిగా చెప్పింది. "బయటోళ్లను ఉంచుకోవద్దన్నడన్నా. పోలీసోళ్లు గీడికి ఒక్కపాలి వచ్చినా తెల్లారి సామాను బయట పడేస్తడట. మేం మళ్ల ఏడికి పోవాలె?"

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నన్ను వెతుక్కుంటూ వాళ్లు ఈ గోడ దాకా వస్తే, పోయేది నా ఉద్యోగం కాదు, వీళ్ల గూడు. పొద్దున లేవగానే చెప్పాను. "పెద్దమ్మా, నేను అక్కడికి వెళ్లిపోతాను."

ఆమె రెండు చేతులతో నా మొహం పట్టుకుంది. "నా బంగారు కొడుకు!" అంది. ముసలాయన లేచి నిలబడ్డాడు. నేను జైలుకు పోతానంటే ఇంత సంతోషమా అని మనసు చివుక్కుమంది. ఆమె ఉతికిన చీర కట్టుకుని, చాప, చెంబు, దుప్పటి మూట కట్టుకుని నాతో బయలుదేరింది. చాప ఎందుకో అడగలేదు.

చౌరస్తా దగ్గర నేను స్టేషన్ వైపు తిరిగాను. ఆమె నా చొక్కా పట్టుకుని ఇటు లాగింది.

"గటు ఏడికి బిడ్డ? దవాఖాన గిటు!"

ఆ మాట ఆమె నోట వినడం అదే మొదటిసారి. దవాఖాన ఎందుకన్నాను నేను. ఆపరేషన్‌కు కాదా అంది ఆమె. ఎవరికి ఆపరేషన్ అన్నాను. సిగ్నల్ రెండుసార్లు పడింది, లేచింది. ఆటోవాళ్లు తిట్టారు. పోలీసు కేసు అని నేను చెప్పాక ఆమె రెండడుగులు వెనక్కి వేసింది.

"మీరు ఇంటికెళ్లండి పెద్దమ్మా. మీ ఊసు ఎత్తను."

ఆమె కదల్లేదు. మూట మీద చెయ్యి బిగించుకుని నన్నే చూస్తూ కొడుకు సంగతి అక్కడే, ఆ రోడ్డు మీదే చెప్పింది. ఆఖరికి ఇలా అంది: "ఇత్తనాలు పెట్టాలని మేమంత ఊరికి పోయినం. ఆన్ని ఒక్కన్నే ఇడిసి పోయినం. గందుకే ఉరికిండు బిడ్డ. పద, నేనొస్త." నాకంటే ముందు ఆమే స్టేషన్ మెట్లు ఎక్కింది.

ఎస్సై గారు నా పేరు విని కుర్చీలో వెనక్కి వాలారు. "దొరికినవా! ఇన్ని రోజులు ఏడున్నవ్?"

నేను ఊళ్లో ఉన్నానని చెబుదామని నోరు తెరిచేలోపు పెద్దమ్మ గొంతు వినపడింది.

"మా ఇంట్ల ఉన్నడు సారూ. రాస్కోండ్రి." సందు, గోడ, రేకుల గది, అన్నీ చెప్పింది. ఆయన రాసుకుంటుంటే వీధిలో పడేసిన వాళ్ల సామాను నా కళ్లకు కట్టింది.

తర్వాత ఆయన దొంగ పత్రాలు ముందు పడేశారు. ఒక్కొక్కదాని మీదా నా పేరుతో మెలికలు మెలికలుగా ఇంగ్లీషు సంతకం. నేను పుట్టి బుద్ధెరిగి ఇంగ్లీషులో సంతకం పెట్టలేదు. పర్సులో పాన్ కార్డు తీసి చూపించాను. దాని మీద గుండ్రంగా, రెండో తరగతి పిల్లాడి రాతలా, తెలుగులో నా పేరు. ఆయన నాతో పదిసార్లు సంతకం పెట్టించారు. కార్డు చూశారు, పత్రాలు చూశారు, నన్ను చూశారు.

"గీ ముక్క తొమ్మిది రోజుల కింద వచ్చి చెప్తే ఏం పోయిందయ్యా? నిన్ను సాక్షి కింద పిలుద్దామనుకుంటే ఫోన్ బంద్ చేసుకుంటివి. ఇంకోపాలి ఉరికితే అప్పుడు పెడ్త అసలు కేసు."

పెద్దమ్మ చెప్పిన చిరునామా రాసిన కాగితాన్ని అక్కర్లేదన్నట్టు నలిపి బుట్టలో వేశారు. అది చూశాక నాకు ఊపిరి వచ్చింది. అప్పుడాయన చాపతో, చెంబుతో, దుప్పటి మూటతో మూలన నిలబడ్డ ఆమెను తేరిపార చూశారు.

"అమ్మా, గీయన నీకేమైతడు?"

"ఏం కాడు సారూ," అంది. కళ్లనీళ్లు బొటబొటా కారుతున్నాయి, మొహమంతా నవ్వే. ఆయనకు చెప్పాల్సిన అసలు సంగతి ఇంకేదో ఉన్నట్టు బల్ల దగ్గరికి వచ్చింది.

"కానీ మంచిగున్నడంట సారూ. కడుపుల ఏం లేదంట. కోసుడు సుత లేదంట!"