రెండు అద్దాల కిటికీ

పని వెతుక్కుంటూ వలసొచ్చిన బమ్రోలిలో మా ఇంటి గోడకు ఆనుకునే మరమగ్గాల షెడ్డు. ముప్పై ఏళ్లు మా ఆయనా నేనూ అందులోనే పనిచేశాం. పురిటికి వచ్చిన కూతురికి ఆడపిల్ల పుట్టగానే నేను మొండిపట్టు పట్టాను. కిటికీలకు రెండేసి అద్దాలు వేయించాల్సిందే, పసిదాని చెవులు ఆ మోతకు పాడవకూడదు అన్నాను.

"మోత ఏడున్నదే? నాకైతే ఇనొస్తనే లేదు" అన్నాడు మా ఆయన. ఖర్చంటే ఆయనకు ఎప్పుడూ ఇంతేలే అనుకున్నాను.

నా పోరు పడలేక కిటికీల దుకాణానికి నాతో వచ్చాడు. రెండు అద్దాల నడుమ గాలి బంధించిన కిటికీ చూపించాడు గుజరాతీ సేఠ్. మా ఆయన అద్దాన్ని చీర అంచులా వేళ్లతో నలపబోయాడు. అది నలగలేదు.

"ఉత్త మాటలొద్దు, పరీక్ష పెడ్త" అంటూ నన్నూ సేఠ్‌నూ నమూనా గదిలో ఉంచి, కిటికీ మూయించి, అవతల నిలబడ్డాడు.

"ఏమే, మీ తమ్ముడు ఇంకెన్ని దినాలుంటడు?" అన్నాడు అవతలి నుంచి, పసిదాన్ని చూడవచ్చి మా ఇంట్లోనే ఉన్న తమ్ముడి గురించి.

"ఉన్నన్ని దినాలుంటడు, నీకేంది?"

గెలిచిన మొహంతో లోపలికొచ్చి, ప్రతి మాటా దాటుతోంది, సరుకు మంచిది కాదని హిందీలో తగువు పెట్టుకున్నాడు. ఇంకో రకం, మరో రకం, అన్నిటిదీ అదే గతి. సేఠ్ తల పట్టుకున్నాడు. అన్నిసార్లూ సేఠ్‌కు నా జవాబులే తప్ప మా ఆయన ప్రశ్నలు వినబడలేదట.

"బెన్, మీరు వింటున్నది చెవులతోనేనా?" అని నన్ను అక్కా అన్నట్టు పిలిచి అడిగాడు.

అప్పుడు వెలిగింది నాకు. మగ్గాల నడుమ ఎవరి గొంతు ఎవరికి వినబడుతుంది? పెదాలు చూసే మాట్లాడుకుంటాం. మా పెళ్లి మాటలు కూడా రెండు మగ్గాల అవతలి నుంచి అలా జరిగినవే. ఆయన్ను మళ్లీ అవతలికి పంపి, కిటికీ మూయించి, నవ్వాపుకోలేక దానికి వీపు తిప్పి నిలబడ్డాను. ఈసారి ఆయన అన్నది ఒక్క ముక్కా వినబడలేదు.

నమ్మకం కుదరక ఆయన కూడా బయట వీపు తిప్పి నిలబడ్డాడు. వినబడలేదని చెప్పడానికి తెరిచిన రెక్కను సేఠ్ ఇంకా మూయలేదు.

"జర అవతలికి జరుగు, రెక్క తగుల్తది" అన్నాను.

కదలలేదు. అరిచాను. దుకాణంలో అందరూ నావైపు తిరిగారు.

"ఏందే, మాట్లాడతవా లేదా? ఎంతసేపు నిలబడాలె?" అని ఎదుటి గోడకేసి చూస్తూ విసుక్కున్నాడు.

ఇన్నాళ్లూ ఒకే ఇంట్లో ఉండి, ఆయనకు వినబడకపోవడాన్ని పిసినారితనం అనుకున్నానే అని నా మీద నాకే కోపం వచ్చింది.

ఆయన వెనక్కి తిరిగాడు. బార్లా తెరిచి ఉన్న కిటికీని చూశాడు, తర్వాత నా మొహం చూశాడు.

"పిల్లకు ఇదే ఏపిద్దాం" అన్నాడు.