తాగేది నేనే

కాశిబుగ్గలో జంపఖానాల మగ్గాలకు నూలు కండెలు చుట్టే చిలుకమ్మకు నలభై ఆరేళ్లు. భర్త సారంగపాణి చుక్క ముట్టడు. ఆ ఇంట్లో తాగుడు ఆమెది. లివర్ వాచిందని తేల్చిన డాక్టర్, తాగుడు మానినవాళ్లు కలిసి మాట్లాడుకునే మీటింగు ఒకటుందని అడ్రస్ రాసిచ్చాడు.

ఆదివారం పొద్దున ఆమె ఒక్కతే వెళ్లింది. గుమ్మంలో ఉన్న సెక్రటరీ మహిపాల్ ఆమెను చూడగానే పక్కగది చూపించాడు. అక్కడున్నది తాగేవాళ్ల భార్యలు. ఒకావిడ ఆమె చెయ్యి పట్టుకుని, "ఓపిక పట్టాలె చెల్లె, మీ ఆయన మారుతడు," అంది.

"తాగేది మా ఆయన కాదక్కా, నేనే."

ఆవిడ చెయ్యి వదిలేసింది.

చిలుకమ్మ తిరిగి మహిపాల్ దగ్గరికి వచ్చింది.

"ఆడోళ్లుంటే మావోళ్లు మనసు విప్పి మాట్లాడరక్కా. ఇంకెక్కడన్న చూసుకో," అన్నాడతను.

"ఇంకెక్కడున్నది?"

"హైదరాబాదుల ఉంటదేమో."

ఆమెకు ఒళ్లు మండింది. "బెల్టుషాపుల ఆడ, మొగ అని ఎవ్వలడుగలే తమ్మీ. పైసలు తీసుకొని సీసా చేతిల పెట్టిండ్రు. మానుతనని వస్తే నువ్వు అడుగుతానవు. గింతమంది మొగోళ్లకు కుర్చీలేసినవు, నాకొక్కటి లేదా?"

ఆమె అతన్ని దాటుకుని లోపలికి వెళ్లి ముందు వరుసలో కూర్చుంది. ఇద్దరు లేచి బయటికి నడిచారు. ఆమె తల తిప్పలేదు. పక్కనున్న స్టీఫెన్ అనే ముసలి లారీ డ్రైవర్, "నీ పేరు చెప్పు బిడ్డా," అన్నాడు.

"చిలుకమ్మ. తాగక నాలుగు రోజులైతాంది," అంది, ఇంకా కోపంగానే.