గంధం పూసిన పెట్టె

హోసూరులో నా చివరి పోస్టింగు రైలు భద్రత మీద పరిశోధన చేసే ఒక లాభాపేక్ష లేని సంస్థలో, ఫీల్డ్ ఇంజనీరుగా. రిటైర్మెంటుకు ముందటి ఏడాది, దసరాకు కాస్త ముందు, రాయకోట దగ్గరి మలుపులో ఒక పరికరాన్ని పరీక్షించే పని నాకు అప్పగించారు.

గుట్టను తొలిచి ఆ మలుపు వేశారు. పట్టాల మీద పనిచేసే గ్యాంగుకు రైలు మీదికొచ్చేదాకా కనిపించదు. అందుకే మలుపు మొదట్లో ఒక మనిషి ఎర్రజెండా, ఈలతో కాపలా ఉండాలి. ఆ పని లక్ష్మమ్మది. మేం పరీక్షించే పరికరం ఒక పెట్టె, అది ఆమెకంటే ఇంకా ముందే పట్టాను అంటిపెట్టుకుని ఉండి, రైలు అదురు పసిగట్టి, గ్యాంగు మేస్త్రి మునిరాజు నడుముకున్న బజరును మోగిస్తుంది. పరీక్ష నెగ్గితే తర్వాతి దశలో కాపలా మనిషిని తీసేయాలని మా ఆఫీసు ఆలోచన. అంతదాకా ఆమెను కదిలించొద్దని నేను పట్టుబట్టాను. ఈ ముసలి ఇంజనీరమ్మది చాదస్తమని కుర్ర ఇంజనీర్లు నన్ను చూసి నవ్వుకున్నారు.

పెట్టె మొదట్లో ఒక్క బండినీ వదల్లేదు. గ్యాంగు దాన్ని నమ్మింది. నిజం చెప్పాలంటే నేనూ నమ్మాను.

ఆయుధపూజ అయిన కొన్నాళ్లకు, మబ్బు పట్టిన ఒక ఉదయం, గ్యాంగు గునపాలతో పట్టాను సరిచేస్తోంది. ఉన్నట్టుండి లక్ష్మమ్మ ఈల, వెంటనే కేక: "బండి వస్తా ఉండాది, దిగండప్పా!" అందరూ గునపాలు లాక్కుని పక్కకు దూకారు. ప్యాసింజరు మా ముందునుంచి దూసుకుపోయింది. మేస్త్రి నడుముకున్న బజరు కిక్కురుమనలేదు.

ఒక్కొక్కరి మొహమూ చూసుకున్నాను. అందరూ ఉన్నారు. హమ్మయ్య అనుకుని అక్కడే కంకర మీద కూలబడ్డాను.

పెట్టె దగ్గరికి పోతే సంగతి తెలిసింది. పైనున్న సోలార్ పలక నిండా గంధం, కుంకుమ, ఆపైన బంతిపూల దండ. గునపాలకూ ట్రాలీకీ చేసినట్టే దీనికీ పూజ చేశారు. మబ్బులో వచ్చే కాస్త వెలుతురు కూడా అందక బ్యాటరీ చచ్చిపోయింది.

"మా ప్రాణాలు కాసే యంత్రం గదమ్మా, దానికే ముందు పూసినాము," అన్నాడు మునిరాజు తల వంచుకుని.

తిడదామని నోరు తెరిచి నవ్వేశాను. "ఇంత గంధం పూస్తే దేవుడికైనా ఊపిరాడదు మునిరాజప్పా," అన్నాను.

లోపం వాళ్ల భక్తిలో లేదు, మా పరికరంలో ఉంది. రైలు లేకపోయినా, పెట్టె చచ్చినా, బజరు ఒకేలా ఊరుకునేది. తర్వాత దాన్ని మార్చాము. పెట్టె బతికున్నంతసేపూ బజరు టిక్కుటిక్కుమంటుంది, ఆ చప్పుడు ఆగితే గ్యాంగు పట్టాలు దిగాలి. సిగ్నళ్లలో ఇది పాత సూత్రమే, ఏ లోపం వచ్చినా ఎర్రదీపమే పడాలి. బొట్టు పెట్టడానికి పెట్టె పక్కన వేరే చోటు చూపించాము. లక్ష్మమ్మను తీసేసే ఆలోచన ఆఫీసే మానుకుంది.

మౌనం అర్ధాంగీకారం అంటారు. పట్టాల మీద మాత్రం మౌనాన్ని ప్రమాదంగానే లెక్కగట్టాలి.