అరవై నాలుగు డిజైన్లు, రెండు ఫైర్‌వాళ్లు

నల్లగొండలో కంప్యూటర్లు అమ్మే దుకాణం ఆయన నన్ను అడిగాడు: "ఫైర్‌వాల్ పెట్టె కావాల్నా అమ్మా, సాఫ్ట్‌వేర్ కావాల్నా?" బస్సు దిగి ఎండలో నడిచి అప్పటికే నాకు తల పగిలిపోతోంది. పెట్టె అయితే ఇంట్లోకి నెట్టు తీగ వచ్చేచోటే ఉండి అన్నింటికీ కాపలా కాస్తుందట. సాఫ్ట్‌వేర్ అయితే కంప్యూటర్ లోపలే ఉండి, ఏ ప్రోగ్రాం నెట్టుకు పోవాలన్నా మనల్ని అడుగుతుందట. పట్నంలో ఆఫీసు పని చేసే మా తమ్ముడికి ఫోన్ చేశాను. "ఒక్క కంప్యూటర్‌కు పెట్టె ఎందుకక్కా, సాఫ్ట్‌వేర్ సాలు" అన్నాడు. దుకాణం ఆయన పెట్టే మంచిదన్నాడు. నేను తమ్ముడి మాట విన్నాను. నమ్మి కాదు, ఇంకొకరిని అడిగే ఓపిక లేక.

మాది పోచంపల్లిలో నేత ఇల్లు. మామ, అంటే మా ఆయన తండ్రి, నలభై ఏళ్లు చీరల డిజైన్లు గీశాడు. గళ్ల కాగితం మీద ఒక్కో గడిలో రంగు నింపి గీస్తే, దాన్ని చూసుకుంటూ దారానికి ముడులు కట్టి రంగులద్దుతారు. తెలంగాణ వచ్చిన కొత్తల్లో నేను పట్టుబట్టి కంప్యూటర్ కొనిపించి, ఆయన అరవై నాలుగు డిజైన్లనూ అందులోకి ఎక్కించాను. మరుసటి వానాకాలం చెక్క సందుగలో దాచిన ఆ గళ్ల కాగితాలకు చెదలు పట్టాయి. ఆ తర్వాత మామకు చూపు పోయింది. ఇక ఆయన పనంతా మిగిలింది ఆ కంప్యూటర్‌లోనే. పక్క వీధిలో ఒకాయన కంప్యూటర్‌కు వైరస్ తగిలి ఫైళ్లన్నీ తెరుచుకోకుండా పోయాయని విన్న రోజు నాకు అన్నం సయించలేదు. అందుకే నల్లగొండ బస్సెక్కాను.

సాఫ్ట్‌వేర్ వేయించిన రోజు నుంచి అది అడగడం మొదలుపెట్టింది. ఫలానా ప్రోగ్రాం నెట్టుకు పోతానంటోంది, పోనివ్వాలా వద్దా? అడిగినప్పుడల్లా టింగుమంటుంది. మా కంప్యూటర్ ముందు గదిలో, మగ్గం పక్కన ఉంటుంది. మగ్గం ఆడుతున్నంతసేపు మా వాడలో ఎవరూ తలుపు మూయరు. వచ్చినవాళ్లు గడపలో నిలబడి "ఉన్నరా?" అంటారు. లోపలివాళ్లు చేతిలో దారం వదలకుండా, తల ఎత్తకుండా "రాండ్రి, రాండ్రి" అంటారు. వచ్చింది ఎవరో తర్వాత చూసుకుంటారు. మా ఇంట్లో కంప్యూటర్‌కు కూడా ఆ మర్యాదే జరిగింది. టింగుమనగానే అరుగు మీద నుంచి మామ, "ఏందో అడుగుతాంది, సరే అనుండ్రి" అనేవాడు. ఆసు మేకుల చుట్టూ దారం పోస్తున్న అత్తమ్మ దాన్ని పక్కన పెట్టి లేచొచ్చి సరే నొక్కేది. ఆమె లేకపోతే మా ఆయన నొక్కేవాడు. చదివి నొక్కమని అరిచి అరిచి నా గొంతు పోయింది.

"అడిగినోళ్లను ఒద్దంటె ఎట్ల బిడ్డా" అన్నాడు మామ.

"అది మనిషి కాదు మామా."

"అడిగింది గద."

ఈ ఇంటితో వాదించి నెగ్గడం నా వల్ల కాదు. మళ్లీ నల్లగొండ పోయి పెట్టె కూడా తెచ్చాను. బిగించడానికి వచ్చినాయన దాన్ని గుమ్మం పైన గోడకు పెట్టి, తీగలు కలిపి, ఫోన్‌లో ఏదో చూశాడు. "మీ వైఫై మీద ఫోన్లు, కంప్యూటర్లు కలిపి పదకొండు నడుస్తున్నయ్ అమ్మా. మీ ఇంట్లయి ఎన్ని?"

"నాలుగు."

మిగతా ఏడు పక్కింటివి. ఒకే గోడకు అటొక ఇల్లు, ఇటొక ఇల్లు. ఆ ఇంటామెను చిన్నత్త అంటాను, చుట్టరికమేమీ లేదు. పాస్‌వర్డ్ ఆమెకు మామే చెప్పాడు. "పెట్టె బయటోళ్లనే ఆపుతది. గీళ్లంత లోపట ఉన్నట్టే. పాస్‌వర్డ్ మార్సుండ్రి" అని చెప్పి ఆయన వెళ్లిపోయాడు. చిన్నత్తకు ఆ ముక్క చెబుదామని వెళ్లాను. ఆమె వేడి సర్వపిండి విరిచి నా చేతిలో పెట్టింది. అది తిని, ఏమీ చెప్పకుండా తిరిగి వచ్చాను.

అది తింటున్నప్పుడే వాళ్ల మగ్గం మీద చూశాను, మామ డిజైన్. ఇంటికొచ్చి అత్తమ్మను అడిగితే విషయం బయటపడింది. చిన్నత్త పెన్‌డ్రైవ్ తెచ్చుకుంటే మామ ఇవ్వమన్నాడట, మా ఆయన ఎక్కించి ఇచ్చాడట. ఒకటీ రెండూ కాదు, అడిగినన్ని. నాకు ఒళ్లు మండిపోయింది.

"నేనేమో నల్లగొండకు తిరిగి తిరిగి కావలి పెడుతున్న. నువ్వేమో అరుగు మీద కూసోని పంచుతున్నవు" అన్నాను.

"వాళ్లు నేసుకుంటరు బిడ్డా. కంప్యూటర్ల ఉండి ఏం జేస్తది" అన్నాడు మామ.

ఆ కోపంలోనే కూర్చుని, ఇంకా ఎవరికీ ఇవ్వని పందొమ్మిదింటినీ ఏరి వేరే ఫోల్డర్‌లో పెట్టి తాళం వేశాను. ఆయన గీసినవాటిలో అవే మేలైనవి. వాటిని మాత్రం ఎవరికీ ఇవ్వనని మామ చేత మాట తీసుకున్నాను. వేరే డిస్కులో కూడా ఒక కాపీ పెట్టుకోమని తమ్ముడు చెబుతూనే ఉన్నాడు. రేపు, ఎల్లుండి అంటూ వాయిదా వేశాను.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం. పొద్దుటి నుంచి ఒక్క చీర రంగులే నాలుగుసార్లు మార్చాను, కళ్లు లాగుతున్నాయి. పట్టు నూలు బిల్లు అని ఒక మెయిల్ వచ్చింది. తెరిచాను. టింగుమంది. పోనివ్వాలా వద్దా అని ఉండే ఉంటుంది, నేను చదవలేదు. సరే నొక్కాను. ఇంట్లో అందరినీ తిట్టిన దాన్ని, నేనే నొక్కాను. కాసేపటికి ఒక్క ఫైలూ తెరుచుకోలేదు. తాళం వేసిన ఫోల్డర్ కూడా అంతే. గుమ్మం పైన పెట్టె పచ్చ లైట్లతో నిమ్మళంగా వెలుగుతోంది.

"మీరే తెరిసి మీరే సరే అన్నంక రెండూ ఏం జేస్తయమ్మా" అన్నాడు దుకాణం ఆయన. వాటిని విప్పడం తన వల్ల కాదన్నాడు.

మామకు చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. విని, "చిన్నత్తను పిలువు" అన్నాడంతే. ఆమె పెన్‌డ్రైవ్ కొంగున ముడి వేసుకుని వచ్చింది. శుభ్రం చేయించి తెచ్చిన కంప్యూటర్‌లో పెట్టి లెక్క చూశాను. నలభై అయిదు ఉన్నాయి.

"మిగిలినయి?" అన్నాడు మామ.

"నేను దాసినయే మామా." ఏడుపు ఆగలేదు.

ఆయన, "గళ్ల కాయితం తే. నేను సెప్త, నువ్వు గియ్యి" అన్నాడు.

ఇప్పుడు పొద్దున పూట అదే పని. ఏ వరుసలో ఎన్ని గళ్లు ఎరుపో, ఎన్ని తెలుపో, కళ్లు మూసుకుని వేళ్ల మీద లెక్కపెట్టి చెబుతాడు. మూడు అయ్యాయి. నాలుగోదాని నడిమి భాగం ఆయనకు గుర్తు రావడం లేదు. "నువ్వు సూసినవు గద బిడ్డా, నడుమ ఏముండె?" అని అడుగుతాడు. చూశాను. దాచిపెట్టేటప్పుడు కూడా తెరిచి చూశాను. నడుమ ఏముందో మాత్రం నాకూ గుర్తు రావడం లేదు.