కారు షెడ్డులో ట్యూబులైటు

పుంగనూరులో మా తాత కట్టించిన కారు షెడ్డులో, కారు పోయిన చాలా ఏళ్లకు, చెక్కను గుండ్రంగా చెక్కే లేత్ మిషను పెట్టుకున్నాను. తొంభైల నడిమి మాట. భూములు అప్పటికే చేజారాయి. మదనపల్లె టమోటా మండీలో గుమస్తా పని ఉందని బంధువులు కబురు పెట్టారు. ఒకరి గద్దె పక్కన కూర్చుని చీటీలు రాయడం నా వల్ల కాదు. మదనపల్లెలో పట్టు వ్యాపారం చేసే సాయిబుగారు మనవరాలికి ఉయ్యాల తొట్టి చేయమన్నారు. నా మొదటి పని అది. కుదిరితే షెడ్డు నిలుస్తుంది, లేకపోతే మండీయే గతి.

షెడ్డుకు కిటికీ లేదు. దీపం నడి దూలానికే వేలాడాలనేది మా ఇంటి పద్ధతి. గోడకు దీపం పశువుల కొట్టాల్లో పెడతారు. అందుకని హాల్లోని గాజుదీపాన్ని తెచ్చి షెడ్డు నడుమ కట్టించాను. పనిబల్ల గోడవారగా ఉంది. వంగితే నా నీడే చెక్క మీద పడేది.

వాకిట్లో బియ్యం ఏరుతున్న నా భార్య చూసి నవ్వింది.

"దొరగారి నీడ పడితే సాలు, తొట్టి దానంతటదే అయిపోతాదేమో!"

"దీపం నడిమధ్యనే ఉండాల. అది పద్ధతి."

"పద్ధతికి కండ్లు కనపడతాండాయేమో, మీకైతే కనపడ్డంలే."

మరునాడు గాజుదీపం ఆర్పి, బల్లకూ మిషనుకూ ఎదురుగా గోడకు ట్యూబులైటు పెట్టించాను. నీడ మాయమైంది. తొట్టికి కాలుగా నిలిచే కోడు ఒకటి మిషనుకు బిగించి తిప్పాను. అతుకు కోసం దాని పైకొసను నాలుగు పలకలుగానే వదిలాను. కాసేపటికి ఆ నాలుగు అంచులూ స్పష్టంగా కనిపించాయి. కోడు దాదాపు నిలిచిపోయి, మెల్లగా వెనక్కి జరుగుతోంది. మోటారు మోగుతూనే ఉంది కనుక బెల్టు జారిందనుకుని చెయ్యి చాపాను.

"చెయ్యి! చెయ్యి తియ్యండి! తిరగతాండాదది!"

వాకిట్లోంచి నా భార్య కేక. చెయ్యి వెనక్కి లాగి ఆమె దగ్గరికి వెళ్లాను. తలుపులోంచి ఎండ పడే ఆ వైపు నుంచి చూస్తే అది ఉత్త సుడి. మళ్లీ లోపలికి వచ్చి ట్యూబు కింద చూస్తే నిలిచిన చెక్క. ఆమెనూ పిలిచాను. చేతులు వెనక్కి కట్టుకుని ఇద్దరం చూస్తూ నిలబడ్డాం. ట్యూబు కంటికి అందనంత వేగంగా ఆరుతూ వెలుగుతుంది. వెలిగిన ప్రతిసారీ ఒక అంచు ఉన్నచోటికి కాస్త వెనగ్గా ఇంకో అంచు వచ్చి ఉంటుంది, అందుకే కోడు ఆగినట్టు కనిపిస్తుంది. కారణం తెలిశాక కూడా నా ఆశ్చర్యం తగ్గలేదు.

ఆ రోజే షెడ్డు దీపాలన్నీ కొత్తగా ఆలోచించాను. ట్యూబులు బల్లకు మాత్రమే. మిషను దగ్గర, అలా ఆరి వెలగని, రేకు టోపీ ఉన్న మామూలు బల్బు. గోడలకు తెల్లసున్నం. నునుపు చూసుకోవడానికి బల్ల అంచున, వెలుగు చెక్క మీద పక్కనుంచి పారేలా, చెక్క ఎత్తులోనే ఇంకో బల్బు. అది వెలిగించగానే నున్నగా ఉందనుకున్న పలక దున్నిన చేనులా గీతలు గీతలుగా లేచింది. ఆ గీతలు పోయేదాకా ఉప్పుకాగితం పట్టాను.

సాయిబుగారు వచ్చి ఆ పక్కవెలుగులోనే తొట్టి అంతా తడిమి చూశారు.

"సిన్నకోడలికి గూడా నెలలు నిండతాండాయప్పా. ఇంగొకటి చేస్తావా?"

నేను గొంతు సవరించుకునే లోపలే వాకిట్లోంచి జవాబు వచ్చింది.

"చేస్తారులేన్నా! ఈడ్నే ఉంటారు, యాడికీ పోరు."