మామ్మ పేరు మీద సవతి బిళ్ళ

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే ముందు నవ్వేది నేనే. అరసవల్లిలో నాకు చిన్న టైలరింగ్ షాపు ఉంది. జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చే ఆడవాళ్ళు పట్టిందనీ వదిలిందనీ ఏవేవో చెప్తుంటారు. హుక్కులు కుట్టుకుంటూ వింటాను. ఒక్కటీ నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నానా అంటే అదీ చెప్పలేను. జరిగింది మాత్రం చెప్తాను.

నాకు భయం తక్కువే గానీ కుళ్ళు బాగా ఎక్కువ. మా వాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు. ఇదంతా మొదలైంది కూడా కుళ్ళుతోనే.

మా పక్కింటివాళ్ళ తాత మిలటరీలో ఉండి యుద్ధంలో పోయాడు. వాళ్ళ హాల్లో ఆయన యూనిఫాం ఫొటో ఉంది. దానికి దండ, పైన చిన్న బల్బు. ఇంట్లో అడుగుపెట్టిన ప్రతి ఒక్కరికీ చూపిస్తారు. మా తాత కూడా యుద్ధంలోనే పోయాడు. రంగూన్ ఓడరేవులో మూటలు మోసే పనికి వెళ్ళాడు, జపాను వాళ్ళు బాంబులేసినప్పుడు అక్కడే చచ్చిపోయాడు. కానీ ఆయనకి ఫొటో లేదు, పతకమూ లేదు. ఆ మాట నేనంటే పక్కింటావిడ "ఓహో, కూలికెల్లినారా?" అని ఊరుకునేది. ఆ బల్బు వెలిగినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది.

తాత ఓడెక్కేనాటికి మా నాన్న చంటిపిల్లాడు. మా నాన్నకి నేనొక్కదాన్నే. పొందూరు దగ్గర మా ఊళ్ళో నన్ను పెంచింది నాన్నని కన్న మా మామ్మ. తాత పోయాడన్న కబురు తెలిశాక కూడా మామ్మ చాలాకాలం గాజులు తీయలేదట. శవాన్ని చూడందే ఎలా తీస్తానని మొండికేసిందట. చివరికి పెద్దలు దర్భలతో మనిషి బొమ్మ చేయించి, దానికి నిప్పు పెట్టించి, ఆ రోజు తీయించారు.

నేను పుట్టాక కూడా మామ్మ నోట తాత మాట వినని రోజు లేదు. "నా సేతి కూర తప్ప ముట్టీవోడు కాదు మీ తాత" అని మురిసిపోయేది. రాత్రి నన్ను పక్కలో వేసుకుని అవే మాటలు చెప్పేది. మామ్మకి లోకంలో ఇద్దరే మనుషులు, ఒకరు తాత, ఇంకొకరు నేను. అలాగే అనుకుంటూ పెరిగాను.

మామ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఆ తర్వాత నాన్న కూడా పోయాడు. పక్కింటి బల్బుని ఇంకా ఎన్నాళ్ళు చూస్తానని, మా తాత ఆనవాలు ఏదైనా దొరుకుతుందేమో వెతకడం మొదలుపెట్టాను. షాపుకొచ్చిన వాళ్ళనల్లా అడిగాను. శ్రీకాకుళంలో బర్మా నుంచి నడిచి వచ్చినవాళ్ళ వీధి ఒకటుంది. అక్కడి నుంచి వచ్చే ఒకావిడ, "మా నూకరత్నం వాళ్ళ తాత కూడా రంగూన్ రేవులోనే పోనాడట. పొందూరు కాడ ఊరే" అంది. ఊరి పేరు అడిగితే మా ఊరే చెప్పింది. షాపు కట్టేసి ఆటో ఎక్కేశాను.

నూకరత్నం నాకంటే చిన్నది. ఇంటి ముందు వీధిలో ఇడ్లీ బండి పెడుతుంది. మా తాత పేరు, తాతని కన్న తండ్రి పేరు చెప్పగానే లోపలికెళ్ళి ఒక ఫొటో తెచ్చి నా చేతిలో పెట్టింది.

తాత కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అచ్చం మా నాన్న మొహం. ఆ నుదురు, ఆ చెవులు చూడగానే నాకు ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూస్తే కుర్చీ పక్కన ఒకామె నిలబడి ఉంది, చంకలో పిల్లాడు. ఆమె చెయ్యి తాత భుజం మీద ఉంది.

ఆమె పేరు మంగమ్మట. రంగూన్‌లో తాత చేసుకున్న మనిషి. నూకరత్నానికి సొంత మామ్మ. బాంబులు పడి తాత పోయాక పిల్లాణ్ణి ఎత్తుకుని జనంతో కలిసి నడిచి ఇక్కడికొచ్చి, ఈ వీధిలోనే బతికి, ఈ వీధిలోనే పోయింది. మా ఊరికి బస్సెక్కితే గంట పట్టదు. ఒక్కసారైనా రాలేదేమని అడిగాను.

నూకరత్నం పసుపుతాడుకి గుచ్చి ఉన్న చిన్న బంగారు బిళ్ళ తెచ్చి చూపించింది. దాన్ని చూడగానే నాకు అర్థమైంది. మా వైపు మొదటి పెళ్ళాం చచ్చిపోయాక రెండో పెళ్ళి చేసుకుంటే, పోయినామె పేరు మీద రెండో ఆమె మెడలో ఇలాంటి బిళ్ళ కడతారు. దాన్నే సవతి బిళ్ళ అంటారు. కొత్త చీర కట్టినా, తల్లో పూలు పెట్టుకున్నా ముందు ఆ బిళ్ళకి చూపించాలి. లేకపోతే పోయినామె కుళ్ళుకుంటుందని నమ్మకం.

అంటే పోయినామె పేరు మీద కట్టే బిళ్ళ. రంగూన్‌లో మంగమ్మ మెడలో అది కట్టేనాటికి మా మామ్మ ఊళ్ళో మడిలో దిగి నాట్లేస్తోంది. ఆ మాటే నూకరత్నంతో అన్నాను.

"మీ మామ్మ పురిట్లో పోనాదని, ఊల్లో తనకింకెవులూ నేరని సెప్పి సేసుకున్నాడట అప్పా" అంది నూకరత్నం, సొంత అక్కని పిలిచినట్టు. "మా మామ్మ ఆ బిళ్ళతోటి మాటాడీది. కొత్త కోక కడితే, అక్కా, ఇది నీదే, నువ్వు కట్టినాకే నేను కడతన్నాను అనీది. బతికున్న మనిసని ఆవిడికేటి తెలుసు?"

విచిత్రం ఏమిటంటే నాకు తాత మీద కోపం రాలేదు. కోపమంతా మంగమ్మ మీదే వచ్చింది. భుజం మీద చెయ్యేసి ఫొటో దిగింది. ఆయన వండమన్నది వండి పెట్టింది. ఆఖరి రోజుల్లో ఆయన మొహం చూసింది. ఇవేవీ మామ్మకి దక్కలేదు. ఎదురుగా ఉన్న నూకరత్నం మీద కూడా కోపమొచ్చింది, ఎందుకంటే దానికి మా తాత కళ్ళొచ్చాయి. నాకు మా అమ్మ కళ్ళొచ్చాయి.

బిళ్ళ మా మామ్మ పేరు మీదిది కాబట్టి నాకిచ్చేయమన్నాను. మీ మామ్మ పేరు మీదదే గదా అని ఇచ్చేసింది. ఫొటోని సెల్‌లో తీసుకుని, స్టూడియోలో ఇచ్చి, మంగమ్మనీ పిల్లాణ్ణీ తీసేసి తాతనొక్కణ్ణే పెద్దది చేయమన్నాను. చేసిచ్చారు. భుజం మీది వేళ్ళు మాత్రం మిగిలిపోయాయి. అయినా ఫ్రేము కట్టించి, పక్కింటి వాళ్ళకంటే పెద్ద బల్బు పెట్టించాను. పక్కింటావిణ్ణి పిలిచి కాఫీ ఇచ్చి మరీ చూపించాను.

పెద్దల అమావాస్య వచ్చింది. నాన్న పోయినప్పటి నుంచి ఇంట్లో పెద్దలకి బట్టలు పెట్టేది నేనే. ఆడది పెట్టడమేంటని ఎవరైనా అంటే నాకు లెక్కలేదు. నాన్నకి ఆయన తిథినాడే పెట్టేస్తాను. తాతకి పొందూరు ఖద్దరు పంచె, మామ్మకి నేత చీర తీశాను. పొద్దున్నే నూకరత్నం చీర పట్టుకుని దిగింది. "మా మామ్మకి కూడా పెట్టు అప్పా. తాతెక్కడుంటే ఆవిడక్కడే గదా" అంది. పండగపూట గుమ్మంలోకి వచ్చిన మనిషిని పొమ్మనలేక సరే అన్నాను. చీర చూస్తే నేను తీసినదానికంటే ఖరీదైనది, పసుపు రంగుకి ఆకుపచ్చ అంచు.

వెనక గదిలో పీటలు వేశాను. మధ్య పీట మీద తాత పంచె, దాన్ని ఆనుకుని మామ్మ చీర, దాని మీద బిళ్ళ. మంగమ్మ చీర కావాలనే దూరంగా గోడ వారకి పెట్టాను. నూకరత్నం చూస్తూనే ఉంది. విస్తళ్ళు వడ్డించి, సాంబ్రాణి వేసి, తలుపు మూశాం. పెద్దలు వచ్చి తినే వేళ ఎవరూ లోపల ఉండకూడదు. పిల్లి దూరుతుందని నేనెప్పుడూ తాళం కూడా వేస్తాను. ఆ రోజూ వేసి, తాళంచెవి నడుముకి దోపుకున్నాను. కిటికీ లోపల గడియ వేసే ఉంది. ఆ గదికి వేరే దారి లేదు. ఇంట్లో మేమిద్దరమే. తలుపు ముందే చాప వేసుకుని కూర్చున్నాం. మిట్టమధ్యాహ్నం, బయట ఎండ కాస్తోంది. ఇద్దరం కునుకు తీయలేదు.

కాసేపయ్యాక తాళం తీసి తలుపు తోశాను.

పంచె గుమ్మం దగ్గర ఉంది. ఇంకొంచెమైతే నా కాలికి తగిలేది. మడత చెదరలేదు. తాత పీట ఖాళీగా ఉంది. గోడ వారన ఉన్న పీట కూడా ఖాళీగానే ఉంది. రెండు చీరలూ మామ్మ పీట మీదే ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి పెట్టినట్టు కాదు, రెండూ విప్పి, కలిపి ఒకే మడత పెట్టినట్టున్నాయి. నేను బట్టలతో బతికేదాన్ని. అది కొట్టు మడత కాదు, నా మడత కూడా కాదు. కొంగు లోపలికి తిప్పి మడిచి ఉంది. మా మామ్మ అలాగే మడిచేది.

"పెద్దల కాడ ఆటలేటి అప్పా? సిగ్గు నేదా నీకు?" అంది నూకరత్నం. సరిగ్గా ఆ మాటే దాన్ని అడగబోతున్నాను నేను. ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

చీరలు విడదీస్తుంటే బిళ్ళ కనిపించింది. మామ్మ చీర మీద పెట్టిన బిళ్ళ మంగమ్మ చీర కొంగున ముడివేసి ఉంది. మామూలు ముడి కాదు, పంటితో లాగి బిగించినట్టుంది. విప్పలేక సూది పెట్టి తీశాను.

ఆ తర్వాత గదంతా వెతికాను. పైకప్పు చూశాను. కిటికీ గడియ లాగి చూశాను. ఎలుక చీర లాగిందనుకుందామన్నా ఎలుక ముడి వేయదు. నాకేమైనా చిత్తభ్రమ అనుకుందామంటే నూకరత్నం కూడా చూసింది. అది నా మీద ఒట్టేసింది, నేను దాని మీద ఒట్టేశాను. ఎలా జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. చదువుకున్న వాళ్ళని అడిగాను, వాళ్ళూ చెప్పలేకపోయారు.

బిళ్ళ నూకరత్నానికే ఇచ్చేశాను. తాత పంచె తీసుకునేవాళ్ళు లేక బీరువాలోనే ఉంది.

మామ్మ తరఫున ఇన్నాళ్ళూ కుళ్ళింది నేను. తను బతికుండగానే తనని చంపేసిన మొగుణ్ణి మామ్మ గుమ్మం దాకా తోసేసింది, సరే, బాగానే చేసింది. కానీ నేను తీసిన చీర అక్కడే ఉండగా, నన్ను బయట కూర్చోబెట్టి, నాకు ఒక్క కల అయినా రాకుండా, వెళ్ళి మంగమ్మతో కలిసిపోయింది. మంగమ్మ తాతని తీసుకున్నందుకు ఇప్పుడు నాకేం బాధ లేదు. మా మామ్మని తీసుకుంది. అది నేను ఓర్చుకోలేకపోతున్నాను.